ఉడుత ఊపులు ఉత్తవి కావు

పొద్దున ఆరున్నర ప్రాంతం. ఎండ ఇంకా ప్రహరీ గోడ దిగలేదు. జామచెట్టు, మందారం, కరివేప, వెనక వీధిలోని వేపచెట్టు నుంచి లోపలికి వంగిన ఒక కొమ్మ. తెలుగు ఊళ్లలో ఇలాంటి పెరళ్లు ఇంకా చాలానే ఉన్నాయి. జామకొమ్మ మీద ముందరి కాళ్లతో పిందె పట్టుకుని కొరుకుతున్న ఉడుత ఉన్నట్టుండి ఆగిపోతుంది. పిందె జారి కింద పడుతుంది. ఉడుత పొట్టను కొమ్మకు అదిమి, తల ఒక్కటే కిందికి వంచి చూస్తుంది. రెండు మూడు క్షణాల తర్వాత అరుపు మొదలవుతుంది. చిక్, చిక్, చిక్ అని, మధ్యలో ఎక్కడా లయ తప్పకుండా. ప్రతి అరుపుతో పాటు తోక ఒకసారి ఎగిరి పడుతుంది. తోక వెంట్రుకలు సీసాలు కడిగే బ్రష్షులా నిక్కబొడుచుకుని ఉంటాయి. మందారం పొదలోంచి పిగిలిపిట్ట (బుల్‌బుల్) పైకొమ్మకు ఎగిరి, తల మీది జుట్టు లేపి గరగరమని అరుస్తుంది. రెండు గోరింకలు గోడ మీదికి చేరతాయి. అప్పుడు తులసికోట వెనక నుంచి పిల్లి లేచి, ఒళ్లు విరుచుకుని, ఎటూ చూడనట్టు గేటు కింది సందులోంచి బయటికి పోతుంది.

చేతకాని బెదిరింపులను తెలుగులో ‘ఉడుత ఊపులు’ అంటాం. ఉడుత ఎంత ఊపినా కాయలు రాలవన్నది ఆ మాటకు మూలం. కొమ్మ విషయంలో అది నిజమే. తోక విషయంలో మాత్రం కాదు. నూరు గ్రాములు దాటీ దాటని ఆ ప్రాణి తోక ఊపి, గొంతు చించుకుని, తనకంటే ముప్ఫై రెట్లు బరువున్న పిల్లిని పెరట్లోంచి పంపేసింది. ఒంటరిగా కూడా పంపలేదు. దాని అరుపు విని పిగిలిపిట్ట, పిగిలిపిట్టను చూసి గోరింకలు అందుకున్నాయి. పెరట్లో పిట్టల్ని, ఉడుతల్ని చూడడం గురించి మాట్లాడేటప్పుడు చాలామంది రంగులు, ముక్కులు, గూళ్ల దగ్గర ఆగిపోతారు. అవి ఒకరి మాట ఒకరు వింటూ బతుకుతాయన్న సంగతి చెవికి పని చెప్పినవారికే తెలుస్తుంది.

ముందు అరుపుల్లోని తేడా తెలియాలి. ప్రమాదం చూసిన పిట్ట రెండు రకాలుగా అరుస్తుంది. ఆకాశంలో డేగ దూసుకొస్తుంటే సన్నగా, తీగలా సాగే ఒక కూత వేసి అక్కడికక్కడే అణిగిపోతుంది. నేల మీద పిల్లో, కొమ్మ మీద పామో, తొర్రలో గుడ్లగూబో కనిపిస్తే గరుకుగా, తెంపులు తెంపులుగా, అదే పనిగా అరుస్తుంది. ఈ తేడాకు కారణాన్ని 1955లో పీటర్ మార్లర్ అనే శాస్త్రవేత్త వివరించాడు. శబ్దం ఎటునుంచి వస్తున్నదో చెవులు రెండు ఆధారాలతో పోల్చుకుంటాయి. ఒక చెవిని చేరడానికీ రెండో చెవిని చేరడానికీ మధ్య ఉండే సూక్ష్మమైన కాలభేదం ఒకటి, రెండు చెవుల్లో వినిపించే బిగ్గరతనంలోని తేడా ఇంకొకటి. సన్నగా, ఎక్కువ స్థాయిలో (అంటే హెచ్చు శ్రుతిలో), మెల్లగా మొదలై మెల్లగా ఆగే కూత ఈ రెండు ఆధారాలకూ సరిగ్గా చిక్కదు. కాబట్టి అరిచిన పిట్ట ఎక్కడుందో డేగకు అంతుపట్టదు. గరుకు అరుపు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఉన్నపళంగా మొదలై ఉన్నపళంగా ఆగుతుంది, అన్ని స్థాయిలూ కలిసి ఉంటాయి, చోటు ఇట్టే తెలిసిపోతుంది. తెలియాలనే ఆ అరుపు. ‘ఇదిగో ఇక్కడుంది, అందరూ రండి’ అన్న పిలుపు అది.

ఉడుత చిక్ చిక్ ఈ రెండో జాతిది. కళ్లు మూసుకుని విన్నా ఏ కొమ్మ మీదినుంచి వస్తున్నదో చెప్పవచ్చు. నేల మీద ఉన్న పిల్లిని, పామును, ముంగిసను చూసి వేసే పిలుపు అది. అయితే ఉడుత అరిచిన ప్రతిసారీ పిల్లి కోసం వెతకనక్కరలేదు. జత కట్టే రోజుల్లో ఆడ ఉడుత కూడా గంటల తరబడి అరుస్తుంది. అప్పుడు మగ ఉడుతలు దాని చుట్టూ చెట్టెక్కుతూ దిగుతూ పరుగులు తీస్తుంటాయి. ఒక్క అరుపుతో ఏదీ తేల్చకూడదు. పక్కన ఇంకెవరు అందుకున్నారో వినాలి. ఉడుతకు పిగిలిపిట్ట, పిగిలిపిట్టకు దర్జీ పిట్ట తోడైతే అక్కడ నిజంగా ఏదో ఉన్నట్టే.

దాక్కుని ప్రాణం కాపాడుకోవాల్సిన జీవి అంతసేపు అరిచి తన చోటు తానే ఎందుకు బయటపెట్టుకోవాలి? పిల్లి వేట ఎలా సాగుతుందో చూస్తే సమాధానం దొరుకుతుంది. పిల్లి పరుగెత్తి పట్టే జంతువు కాదు, పొంచి దూకే జంతువు. తనను ఎవరూ చూడలేదన్న నమ్మకమే దాని పెట్టుబడి. ‘నిన్ను చూశాను’ అని చెట్టు మీదినుంచి ఎవరో నిమిషానికి వందసార్లు చెబుతుంటే ఆ పెట్టుబడి పోయినట్టే. అందుకే పిల్లి లేచి ఒళ్లు విరుచుకుంటుంది. ఆ ఉడుత అరుపు తోటి ఉడుతలకు హెచ్చరిక, పిల్లికి కబురు, రెండూ. అరుపు పిల్లి పోయాక కూడా చాలాసేపు ఆగదు. గేటు అవతల కూర్చుని మళ్లీ వచ్చే అలవాటు పిల్లికి ఉంటుంది కాబట్టి అందులో అతిశయం ఏమీ లేదు.

పక్కవాడి కబురును చాటుగా వినడం మీద విదేశాల్లో మంచి పరిశోధన జరిగింది. అమెరికాలో చికడీ అనే చిన్న పిట్ట తన పేరులాగే ‘చికా–డీ–డీ’ అని అరుస్తుంది. చిన్న పిట్టలకు ఎక్కువ ప్రమాదం చురుగ్గా తిరిగే చిన్న డేగలు, గుడ్లగూబలతోనే. అలాంటిదాన్ని చూసినప్పుడు చికడీ చివర ‘డీ’లను ఎక్కువగా చేరుస్తుందని 2005లో తేలింది. పక్కన తిరిగే వేరే జాతి పిట్టలు ఆ లెక్కను అర్థం చేసుకుంటాయని రెండేళ్లకు మరో అధ్యయనం చూపింది. జపాన్‌లో తొషితాకా సుజుకి అనే పరిశోధకుడు ‘టిట్’ అనే ఒక చిన్న పిట్ట మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. పాముకు అది వేసే కూత వేరు. ఆ కూత వినగానే తొర్రలోని పిల్లలు బయటికి దూకేస్తాయి. కాకిని చూసి తల్లి వేసే కూత వింటే మాత్రం గూటిలోనే అణిగి కూర్చుంటాయి. పాము తొర్రలోకి దూరగలదు, కాకి దూరలేదు. పుట్టి రెండు మూడు వారాలైనా నిండని పిల్లలకు ఈ తేడా తెలుసు.

ఉడుతల విషయంలో 2019లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో చేసిన ఒక ప్రయోగం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అక్కడి బూడిద ఉడుతలకు ముందుగా డేగ అరుపు రికార్డు వినిపించారు. అవి బిగుసుకుపోయాయి. తర్వాత కొన్నింటికి పిట్టల మామూలు కిచకిచలు, కొన్నింటికి ఉత్త పరిసరాల శబ్దం వినిపించారు. కిచకిచలు విన్న ఉడుతలు త్వరగా తేరుకుని తిండి వెతుక్కోవడం మొదలుపెట్టాయి. అంటే అరుపులే కాదు, నింపాదిగా సాగే కబుర్లు కూడా సమాచారమే. పిట్టలు మాట్లాడుకుంటున్నాయంటే డేగ పోయిందని అర్థం. మన పెరట్లో నిశ్శబ్దాన్ని కూడా ఇలాగే వినాలి. గోలగా ఉన్న వేపచెట్టు ఒక్కసారిగా మూగబోతే తల పైకెత్తి చూడాలి. చాలాసార్లు షిక్రా అనే చిన్న డేగ ఇళ్ల కప్పుల ఎత్తున దూసుకుపోతూ కనిపిస్తుంది. ఎక్కడో ఎత్తున చక్కర్లు కొట్టే గద్దను చూసి చిన్న పిట్టలు ఇంత భయపడవు. ఏది ప్రమాదమో, ఏది కాదో వాటికి బాగా తెలుసు.

ఈ మొత్తం కథలో ఉడుతను పుణ్యాత్మురాలిగా చూడనక్కరలేదు. వీపు మీద రాముడి వేళ్ల గుర్తులున్న భక్తురాలిగా మన ఇళ్లలో దానికి మంచి పేరుంది. ఆ కథ వాల్మీకి రామాయణంలో లేదు, మన ప్రాంతాల్లో మాత్రం ప్రతి పిల్లకూ తెలుసు. దక్షిణాదిన కనిపించే ఉడుతకు మూడు చారలు. ఉత్తరాదిన ఎక్కువగా కనిపించే జాతికి అయిదు. రాముడి మూడు వేళ్ల లెక్క మన ఉడుతకే సరిపోతుంది. కానీ ఈ భక్తురాలు అవకాశం దొరికితే పిట్టల గుడ్లు తాగేస్తుంది. మందారం పొదలో పిగిలిపిట్ట గూడు కట్టిన రోజుల్లో గమనించండి. నిన్న ఉడుత అరుపు విని పిల్లి మీద గొంతు కలిపిన పిగిలిపిట్టే ఇవాళ ఉడుతను కొమ్మ కొమ్మకూ తరుముతుంది. వాటి మధ్య స్నేహం లేదు, ఒప్పందం లేదు. ఎవరి అవసరానికి వారు అరుస్తారు, ఎవరి అవసరానికి వారు వింటారు. పెరటి రాజకీయంలో ఎంతో ఆసక్తికరమైన భాగం ఇదే.

వినేవారు ఉన్నచోట మోసగించేవారూ ఉంటారు. పొలాల్లో పశువుల వీపుల మీద, ఊళ్లో కరెంటు తీగల మీద కూర్చునే నల్లని చీలిక తోక పిట్ట పసులపోలిగాడు. ఏట్రింత అని కూడా అంటారు. తన గూటి దగ్గరికి కాకి వచ్చినా, గద్ద వచ్చినా వెంటపడి పొడిచే పిట్ట. అందుకే పావురాలు, పిగిలిపిట్టలు దాని చెట్టు మీదే గూళ్లు కట్టుకుంటాయి. హిందీలో దానికి ‘కొత్వాల్’ అని పేరు. ఈ కొత్వాలుకు చేతివాటం కూడా ఉంది. షిక్రా గొంతును అనుకరించి, గోరింకలు బెదిరి ఎగిరిపోగానే అవి వదిలిన పురుగును ఎత్తుకుపోవడం చూసినవారు రాసిపెట్టారు. ఆఫ్రికాలోని కలహరి ఎడారిలో దీని దాయాది పిట్ట ఇదే విద్యతో తన తిండిలో దాదాపు నాలుగో వంతు సంపాదించుకుంటుందని 2014లో ప్రచురించిన పరిశోధన చెప్పింది. ఒకే అబద్ధం పదే పదే చెబితే ఎవరూ నమ్మరు కాబట్టి అది గొంతులు మారుస్తుంది.

వినేవారు ఎందుకు మోసపోతూనే ఉంటారు? లెక్క సులువు. అబద్ధపు అరుపును నమ్మితే పోయేది ఒక పురుగు. నిజమైన అరుపును నమ్మకపోతే పోయేది ప్రాణం. పదిసార్లు పురుగు పోయినా పదకొండోసారి ఎగిరిపోయే గోరింకే బతికి పిల్లల్ని కంటుంది.

రూపంతో మోసగించే పిట్ట ఇంకొకటి ఉంది. హిందీలో పపీహా అంటారు, తెలుగులో డేగకోకిల అంటే సరిగ్గా అతుకుతుంది. వానలకు ముందు రాత్రింబగళ్లు స్థాయి పెంచుకుంటూ పెంచుకుంటూ కూసేది అదే. దాని రంగు, రెక్కల కదలిక, కొమ్మ మీద వాలే తీరు, వాలాక తోక అటూ ఇటూ ఆడించే పద్ధతి అన్నీ షిక్రావే. అది వాలగానే ఉడుతలు, చిన్న పిట్టలు డేగను చూసినట్టే గోల పెడతాయి. ఆరేడు కలిసి నేల మీద ఆకులు తిరగేస్తూ తిరిగే బూడిదరంగు బాబ్లర్లు ఉంటాయి కదా, హిందీలో ‘సాత్ భాయ్’ అంటారు, వాటి గూళ్లలో ఇది గుడ్లు పెడుతుంది. కోకిల కాకి గూటిలో పెట్టినట్టు. కోకిలల జంట వేసే ఎత్తు కూడా కూత మీదే నడుస్తుంది. నల్లని మగ కోకిల కాకి గూటి దగ్గర కూసి కాకుల్ని తన వెంట తిప్పుకుంటుంది. ఆ సందులో గోధుమరంగు చుక్కల ఆడ కోకిల గుడ్డు పెట్టేసి పోతుంది. మన కవితల్లో పాడేది ఆడ కోకిల. ఉగాది ముందు కుహూ అని సాగదీసి పాడేది మాత్రం మగది.

తెలుగువాళ్లు ఈ కూతల్ని వినలేదని చెప్పడానికి వీల్లేదు. మన పిట్టల పేర్లలో ఎన్నో చెవితో పెట్టినవే. కా అంటుంది కనుక కాకి. కోకిల సరేసరి. సంస్కృతంలో టిట్టిభం, తెలుగులో తీతువు, రెండూ ఆ పిట్ట గొంతులోంచి ఊడిపడ్డ మాటలే. కొంతకాలం నెల్లూరులో వైద్యాధికారిగా ఉన్న టి.సి. జెర్డాన్ 1862–64 మధ్య వెలువరించిన భారత పక్షుల గ్రంథంలో చాలా పిట్టలకు తెలుగు పేర్లు కూడా చేర్చగలిగాడు. అడిగితే చెప్పేవారు పల్లెల్లో ఉన్నారు కాబట్టే చేర్చగలిగాడు.

తీతువు దగ్గర కాస్త ఆగాలి. రాత్రి తీతువు కూస్తే ఎవరో పోతారని పెద్దలు భయపడేవారు. ఇప్పటికీ ఆ కూత వినగానే ‘శ్రీరామ’ అనుకునేవారు ఉన్నారు. ఊరి చివర ఖాళీ స్థలాల్లో, చెరువు గట్ల మీద తిరిగే ఈ పిట్ట చెట్టెక్కదు. గులకరాళ్ల మధ్య నేల మీదే, సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. గుడ్లకు రాళ్ల రంగే, రాళ్ల మచ్చలే. గూడంటూ చెప్పుకోదగ్గది ఏమీ ఉండదు. మండే వేసవిలో నీళ్లలో పొట్ట తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. ఆడా మగా కలిసి దాదాపు నెల రోజులు ఇలా కాపలా కాయాలి. నక్క, కుక్క, పాము, మనిషి, ఎవరు దగ్గరికి వచ్చినా దానికున్న ఆయుధం ఆ గొంతు ఒక్కటే. రాత్రి కూడా మెలకువగా ఉండి, అడుగుల చప్పుడు వినగానే లేచి అరుస్తుంది. అర్ధరాత్రి ఊరి బయట నడిచేవారు ఉన్నారంటే వెనకటి రోజుల్లో అది దొంగ కావచ్చు, వైద్యుడి కోసం పరుగెత్తే మనిషి కావచ్చు, చితికి కట్టెలు మోసేవారు కావచ్చు. మనిషి కదలిక వల్ల పిట్ట అరిచింది. ఊళ్లో విన్నవారు దాన్ని తలకిందులు చేసి, పిట్ట అరిచినందువల్ల చావు వచ్చిందనుకున్నారు. విన్నది సరైనదే. ఆ అరుపులో కబురు ఉందని గుర్తించడమూ సరైనదే. కబురు ఎవరి గురించో మాత్రం పొరపడ్డారు. పాపం, ఆ పిట్ట తన నాలుగు గుడ్ల గురించి చెబుతోంది.

పాలపిట్ట విషయంలో శకునం మరింత చేటు తెచ్చింది. దసరా నాడు చూస్తే జయమన్న నమ్మకంతో దాన్ని పట్టి, పంజరంలో పెట్టి వీధి వీధికీ తిప్పి చూపే పద్ధతి కొన్ని చోట్ల ఇంకా ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పొలం గట్టున తీగ మీద కూర్చున్న పాలపిట్ట ఎగిరినప్పుడు విచ్చుకునే రెండు నీలాల రెక్కల్ని ఒక్కసారి చూసినవారికి పంజరంలోని పిట్టను చూడడం కష్టం. దేశవ్యాప్తంగా పక్షి ప్రేమికులు నమోదు చేసిన లెక్కలతో 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక పాలపిట్ట సంఖ్య బాగా తగ్గిందని, దానికి ఉన్న ముప్పును అంతర్జాతీయ స్థాయిలో మళ్లీ అంచనా వేయాలని సూచించింది. తెలంగాణ రాష్ట్ర పక్షి అది.

అదే నివేదికలో కోకిలలు, ఊరపావురాలు పెరుగుతున్నాయని ఉంది. పిచ్చుక గురించి 2020 నాటి నివేదిక చెప్పిన మాట కూడా గుర్తుంచుకోదగ్గది. దేశం మొత్తం మీద పిచ్చుక నిలకడగా ఉంది, హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మాత్రం తగ్గుతోంది. పిచ్చుకలు పోతే పోయేది పిచ్చుకలే అనుకుంటాం. కాని ఒక వీధిలో ఇరవై పిచ్చుకలంటే ఇరవై జతల కళ్లు. అవి లేని చోట పిల్లిని ముందుగా చూసే భారం మిగిలినవాటి మీద పడుతుంది. ఊరపావురాలు ఎన్ని ఉన్నా ఈ లోటు తీరదు. చప్పున రెక్కలు కొట్టి లేవడం తప్ప, నిలబడి గొంతెత్తి తరిమే గుణం వాటికి లేదు.

రొద ఇంకో పెద్ద అడ్డంకి. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో వాహనాల హోరు ఎక్కువగా ఉన్న వీధుల్లో పిట్టలు స్థాయి పెంచి పాడుతున్నాయని 2003లో గమనించారు. పాటకు స్థాయి మార్చుకునే తీరిక ఉంటుంది. హెచ్చరికకు ఉండదు. బోరు వేసే యంత్రం, జనరేటరు, డీజే పెట్టెల మోత నడుమ డేగను చూసిన పిట్ట వేసే సన్నని కూత పక్క కొమ్మకైనా చేరదు. కప్పు ఎత్తున దూసుకొచ్చే షిక్రాకు ఆ రొద లాభమే. పెళ్లి ఊరేగింపు పోయేటప్పుడు వేపచెట్టు మీది పిట్టలు కొమ్మలు దిగకుండా కూర్చోవడంలో ఈ కారణమూ ఉండవచ్చు. చెవి పనిచేయనప్పుడు కన్ను ఒక్కదాన్నే నమ్ముకుని తిండికి దిగడం తెలివైన పని కాదు.

వినడం నేర్చుకోవాలంటే బైనాక్యులర్స్ కూడా అక్కరలేదు. ఒకే చోట, ఒకే వేళకు, రోజూ ఇరవై నిమిషాలు కూర్చోవాలి. మొదటి పది నిమిషాలు పెరడు మన గురించే మాట్లాడుకుంటుంది. ఉడుత దూరంగా ఉండి అరుస్తుంది, దర్జీ పిట్ట టవిట్ టవిట్ మంటూ పొద మారుస్తుంది. కదలకుండా ఉంటే ఆ గొడవ అణిగి, మామూలు కిచకిచలు మొదలవుతాయి. అసలు వినాల్సింది అక్కడినుంచే. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే పెరటి పక్షుల గణన 1998లో అమెరికాలో మొదలైంది, మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది. పావుగంట కూర్చుని కనిపించినవి, వినిపించినవి రాసి పంపితే చాలు. కంటికి కనపడకుండా కూసిన పిట్ట కూడా లెక్కలోకి వస్తుంది. హైదరాబాద్‌లో 1980లో ఏర్పడి, ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తున్న సంఘంలాంటివి కొత్తవారిని వెంట తీసుకెళ్తాయి. గూళ్ల కాలంలో పిల్లిని పొద్దున, సాయంత్రం ఇంట్లో ఉంచడం, గోడ మీద వెడల్పాటి మూకుడులో రెండంగుళాల లోతు మించకుండా నీళ్లు పెట్టి రోజూ మార్చడం ఎవరైనా చేయగల పనులు. మూకుడును పొదకు మరీ ఆనించి పెట్టకూడదు. పొద పిల్లికి చాటు.

ఇక సాయంత్రం. దీపాలు పెట్టే వేళకు కాస్త ముందు వేపచెట్టు తొర్రలోంచి మచ్చల గుడ్లగూబ తల బయటపెడుతుంది. అరచేతిలో పట్టేంత పిట్ట, పెద్ద పసుపు కళ్లు. కొమ్మ మీదికి వచ్చి కూర్చుని తల పైకీ కిందికీ ఆడిస్తుంది. పిగిలిపిట్ట ముందుగా చూస్తుంది. ఆ వెంటనే దర్జీ పిట్ట, తేనెపిట్ట, గోరింకలు చేరతాయి. ఇంటి చూరులో కొబ్బరిపీచు, గుడ్డపీలికలు పోగేసి కట్టుకున్న గూటి దగ్గరినుంచి ఉడుత కూడా తోక విదిలిస్తూ చిక్ చిక్ మంటుంది. గుడ్లగూబ రెప్ప వాల్చకుండా వాటివైపు చూస్తుంది. వెలుగు తగ్గేకొద్దీ ఒక్కో గొంతూ ఆగిపోతుంది. గోరింకలు ముందు, తర్వాత తేనెపిట్ట. పిగిలిపిట్ట మందారంలోకి దూరిన తర్వాత కూడా చూరు దగ్గరి అరుపు ఇంకొంతసేపు వినిపిస్తూనే ఉంటుంది.